నడిమి అర

తౌనో కొట్లో స్కోపులకు మూడు అరలు.
కింది అరలోవి చేపల గాలాల పక్కన పడి ఉంటాయి,
పై అరలోవి తాళం వెనక.
బడి బస్సు నడుపుకునే నా చెయ్యి
దానంతటదే నడిమి అర మీదికి పోయింది.
ఆరువందల యాభై యూరోలు, అన్నాడు.
బిగించే రింగులు వేరే, అన్నాడు, ఇంకాస్త మెల్లగా.

నలభై ఏళ్లు ఉత్త ఇనపముల్లుతోనే కొట్టాను.
వెనక గాడి, ముందు ముల్లు, ఆ పైన జంతువు:
మూడింటినీ ఒక్కసారే పట్టుకునే కన్ను
ఎప్పుడు సెలవు తీసుకుందో తెలీదు.
వేసవి పోటీలో కాగితపు దుప్పి
పది గుళ్లకూ చెక్కుచెదరలేదు.
దాన్ని నిలబెట్టిన గుంజకి మాత్రం రెండు చిల్లులు.

మా ఆడపడుచు మొగుడు ఉర్పోకి అన్నీ తెలుసు.
"ఇరవై అయిదు రెట్లు చూపించేది కొను ఇర్యా,
దుప్పి కనురెప్పలు లెక్కపెట్టొచ్చు."
లెక్కపెట్టి ఏం చేసుకోను?
అంత దగ్గరికి లాగితే
నా గుండె కొట్టుకోవడమే అద్దంలో కనిపిస్తుంది,
అడ్డగీత నిలువుగీత ఎగిరెగిరి పడతాయి.
ఉర్పో కుడి కనుబొమ మీద నెలవంక మచ్చ ఒకటుంది.
చవక స్కోపుకి కన్ను మరీ ఆనించి కొడితే
తుపాకి వెనక్కి తన్ని పెట్టిన ముద్ర.
అతను దాన్ని ఎలుగుబంటి కథగా చెబుతాడు.

"ఇక్కడ చూడకు," అన్నాడు తౌనో,
"కొట్టు దీపాల కింద అన్ని అద్దాలూ పెద్దమనుషులే."
మూడూ పట్టుకుని వెనక గుమ్మంలోకి వెళ్లాం.
అక్టోబరు చివర, నాలుగున్నరకే మునిమాపు.
పెట్రోలు బంకు అవతల స్ప్రూసు చెట్లు.
కింది అర దాంట్లో అదొక నల్ల గోడ.
నడిమి దాంట్లో గోడ చెట్లయింది,
చెట్లకు కొమ్మలు మొలిచాయి.
పై అర దాంట్లో కొమ్మలకు వేలాడే నాచు కూడా.
నాచు ఖరీదు ఇంకో వెయ్యి యూరోలు.
నాచు వద్దన్నాను.

ఆదివారం రేంజిలో మీట తిప్పాను.
టక్కుకి ఒక సెంటీమీటరు, నూరు మీటర్ల దగ్గర.
ఇరవై పైకి, ఇరవై కుడికి,
ఇరవై కిందికి, ఇరవై ఎడమకి,
ఊరంతా తిరిగొచ్చిన గుండు
మొదటి చిల్లు అంచు మీదే వాలింది.
మా ఆయన కూడా చెప్పిన చోటికి
ఇంత కచ్చితంగా ఎన్నడూ తిరిగి రాలేదు.
దాని మీద నాకు గురి కుదిరింది.

నవంబరు. మంచు సన్నగా మొదలైంది.
మా కుక్క తుయిస్కు సరస్సు అవతల మొరుగుతోంది.
ఎనభై అడుగుల్లో దుప్పి వచ్చి నిలబడింది,
గుర్రమంత ఎత్తు, కొమ్ముల్లేవు,
పక్కటెముకలు పూర్తిగా నాకు అప్పగించి.
గీతలు భుజం వెనక కూర్చున్నాయి.
ఊపిరి సగం వదిలాను.
దాని వెనక కాలి దగ్గరున్న నల్లటి మోడు
చెవి ఆడించింది.

తల్లిని కొట్టకూడదు, అది చట్టం.
పిల్లకి చెవి తప్ప ఏమీ కనిపించలేదు.
వేలు తీసేశాను.
అవి ఎటు పోయాయో చూడలేదు,
అద్దం నా ఊపిరికే మసకబారింది.
కింది అరది కొని ఉంటే
ఆ మోడు మోడుగానే ఉండేది.
ఇనపముల్లుతో అయితే? ఆ నలభై ఏళ్లలో
ఎన్ని మోళ్లు?

వాకీటాకీలో ఉర్పో: "ఏమైంది? ఎందుకు కొట్టలేదు?"
"కొమ్మలు అడ్డొచ్చాయి," అని అబద్ధమాడాను.

రింగుల బాకీ నలభై యూరోలు ఇంకా ఉంది.
తౌనో అడగడు.
వాళ్ల మనవడు మాత్రం రోజూ బస్సెక్కుతూ
మెట్టు మీద ఒక్క క్షణం ఆగి
నన్ను ఎగాదిగా చూసి
వెనక సీటుకి పోతాడు.