వలి

తొమ్మిదో రోజు.
రాత్రి రెండున్నరకి వ్యాసర్‌పాడి వైపు నించి గూడ్సుబండి వస్తుంది.
దానికి కాస్త ముందే వీడు లేస్తాడు.
వెంటనే ఏడవడు. పిడికిలి నోట్లో కుక్కుకుని
చప్పరిస్తాడు. ఆ చిన్న చప్పుడుకే
నా కాలివేళ్లు ముడుచుకుపోతాయి.

ఇరవై గంటల కాన్పునొప్పులు ఓర్చుకున్నదాన్ని
రూపాయిబిళ్లంత నోటికి భయపడుతున్నాను.
ఈ మాట ఎవరితో అనను?

హుక్కులు తీస్తే జాకెట్టు ఒక్కటే రాదు,
చనుమొన మీద నిన్న కట్టిన పొక్కు కూడా ఊడి వస్తుంది.
కత్తిరి ఎండల ఉక్క అర్ధరాత్రయినా దిగదు.
ఒళ్లో దిండు, దిండు మీద వీడు.
పట్టుకున్నాడు.
గాజుపెంకయినా ఒకసారి కోసి ఊరుకుంటుంది.

బండిని లెక్కపెడతాను.
ఒకటి, రెండు, మూడు, అన్నీ బొగ్గు వ్యాగన్లే.
ఏడు దగ్గర ఊపిరి తీసుకోవాలని గుర్తొస్తుంది.
పదకొండుకి కళ్లలో నీళ్లు.
ఇరవై దాటాక కాస్త మొద్దుబారి,
వీడు గుటకలేసే చప్పుడూ
పట్టాల చప్పుడూ ఒకటైపోతాయి.
గార్డుపెట్టె ఎర్రదీపం కిటికీ దాటుతుంది.
ఇంకో వైపు మిగిలే ఉంటుంది.

నాయుడుపేట నించి అమ్మ ఫోన్లో:
"వెన్న రాయవే. మా అందరికీ ఇంతే.
పది రోజులు ఓర్చుకో, కాయ కాస్తుంది."
మునిరత్నం రెండో షిఫ్టు దిగి వస్తూ
పాలపొడి డబ్బా తెచ్చాడు, ఏమీ అనకుండా
ఫ్రిజ్జు మీద పెట్టాడు.
అబద్ధమెందుకు, నేను రెండుసార్లు
దాని మూత మీద వేలు పెట్టి చూశాను.

పదకొండో రోజు
కార్పొరేషన్ నర్సు సెల్వమేరి గొడుగు ముడుస్తూ వచ్చి
నా మొహం చూసి అడిగింది:
"వలిక్కుదామ్మా?"

వాళ్ల భాషలో వలి అంటే నొప్పి.
మా నాన్న తెలుగు మేష్టారు,
ఆయన నిఘంటువులో వలి అంటే చలి,
వలిమల అంటే మంచుకొండ.
నలభై డిగ్రీల ఆ గదిలో
ఆ ఒక్క మాట నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టయింది.
అవునని తలూపాను. ఏడ్చాను కూడా.

వీణ్ని నా చేతుల్లోంచి తీసుకోలేదామె.
చిటికెనవేలు వీడి పెదవి మూల నించి లోపలికి పోనిచ్చి
పట్టు విడిపించింది, టప్‌మని.
"మొన చాలదు, చుట్టూ ఉన్న నలుపు కూడా లోపలికి పోవాల.
నువ్వు వంగొద్దు, వాణ్నే నీకాడికి తెచ్చుకో.
కడుపుకి కడుపు. ముందు గడ్డం ఆనాల.
ఆవలింతంత నోరు తెరిచేదాకా ఇవ్వకు."
మొనతో వీడి పైపెదవి నిమరమంది.
ఇద్దరం కాచుకున్నాం
ఒక నోటి కోసం, రాని బస్సు కోసం కాచుకున్నట్టు.
తెరిచాడు.
"ఇప్పుడు!"

నొప్పి రాలేదనను.
వచ్చి గుమ్మంలో నిలబడింది,
లోపలికి రాలేదు.

వాడు వదిలాక ఆఖరి చుక్క పుండుకే రాసి
గాలికి ఆరనీయమంది. వెన్న వద్దంది.
జ్వరం తగిలినా, రొమ్ము ఎర్రగా గట్టిపడినా
ఆ పూటే ఆసుపత్రికి రమ్మంది.
"పాల్ దా మరుందు," అంది మెట్లు దిగుతూ.
పాలే మందు. పాలు మాత్రం
రెండు భాషల్లోనూ పాలే.

ఆ మధ్యాహ్నం గడియ వేసుకుని
జాకెట్టు లేకుండా ఫ్యాను కింద పడుకున్నాను,
ఇరవై ఏడేళ్ల ఒంటిని
మొదటిసారి నా కోసం ఆరేసుకుంటూ.
బయట మునిరత్నం పొత్తిగుడ్డలు జాడిస్తున్నాడు,
బకెట్టు చప్పుడు కాకుండా జాగ్రత్తపడుతూ.

పదిహేనో రోజు రాత్రి.
ఎడమవైపు ఇంకా గుడ్డ తగలనివ్వదు.
ముందు కుడివైపు ఇచ్చాను.
బండి వచ్చింది. ఒకటి, రెండు,
పన్నెండో పదమూడో,
వీడి చెంప మీంచి పాలచార ఒకటి
చెవి వెనక్కి జారుతుంటే
కొంగుతో ఒత్తుతూ లెక్క తప్పాను.

తలెత్తేసరికి పట్టాలు ఖాళీ.
ఇక ఎడమవైపుకి మార్చాలి.
నెమ్మదిగా, పెదవి మూలకి
చిటికెనవేలు తీసుకెళ్తున్నాను.