పిడికెడు కోతి, పలకాకు

బహదూర్‌పురా జూల పదకొండేండ్ల సంది
కోతుల వరుస ఊడుస్తున్న.
ఆఖరి జాలి ఎనుక మార్మోసెట్లు.
ఒక్కొక్కటి నా పిడికిలంత,
చెవుల మీద తెల్ల కుచ్చులు,
ముసలి మొఖం, పసి చేతులు.

ఆ జాలి కిందనే, మోరీ అంచున,
సిమెంటు పగుల్ల పలకాకు.
గడ్డిచామంతి అంటరు చదువుకున్నోళ్లు.
బొగ్గుతోని కలిపి నూరి
పలక నల్లగ చేసుకున్నది దీనితోనే.
నా చదువు ఆ నలుపు దాకనే.

పూత ఎండినంక దాని తల మీద కూడా
అవే కుచ్చులు,
ఊపిరి తగిలితే లేచిపోయేటంత తేలిక.
ఎవరిని చూసి ఎవరు దువ్వుకున్నరో అని
నాలో నేనే నవ్వుకునేదాన్ని.

కోతికి బోర్డుంది, పేరుంది,
చలికాలం ఎర్ర బల్బుంది,
పొద్దుగాల రిజిస్టర్ల లెక్కుంది: ఏడు.
గిన్నెల తుమ్మబంక పెడితే
పండ్లతోని గీకి గీకి తింటది.
మొక్కకు సోమవారం ఉంది.
జూ బంద్ ఉన్ననాడు
కుర్పితోని పీకి పారేస్తం.
మళ్ల సోమవారానికి అక్కడ్నే ఉంటది,
మేం చేసింది మర్చిపోయినట్టు.

ఒకనాడు జహంగీర్ భాయ్ వేలును
ఆ పిడికెడు ప్రాణమే కొరికింది.
వీపు మీద కవలలను మోస్తున్న తండ్రికోతి.
మందుల డబ్బా తాళం సూపర్‌వైజర్ దగ్గర,
సూపర్‌వైజర్ చాయ్ దగ్గర.
నాలుగాకులు అరచేతుల నలిపి
పసరు పిండిన.
రక్తం ఆగింది.
"షుక్రియా అనంతమ్మా" అన్నడు,
కోతిని మాత్రం తిట్టలే.

అది చూసి ఆగింది ఒక కాలేజీ పిల్ల,
కాగితాల మీద మొక్కలు అతికిచ్చుకునే పిల్ల.
ఈ ఆకుది కూడా కోతి దేశం దిక్కేనట,
సముద్రం అవతలిదట.
బోర్డు చూసిన. మోరీ చూసిన.
మా తాత చెల్క గట్టు మీది మొక్క,
నా మొదటి అక్షరం కింది నలుపు,
అవతలిదా?

ఆ సోమవారం పీకే ముందు
ఒక పువ్వు తెంపి జాలిల పెట్టిన.
కోతి రెండు చేతులతోని పట్టుకుంది,
వాసన చూసింది,
తెల్ల రేకలు ఒకటొకటే గుంజి
పసుపు బొట్టు కొరికి
ఉమ్మేసింది.

నాకు కోపం రాలే.
మదీనా కాడ ఒకసారి, కిక్కిరిసిన బస్సుల,
మా ఊరి పోసవ్వే నా భుజం నూకి
"జర జరుగమ్మా" అన్నది.
నేను కూడా జరిగిన.
దిగి రెండు గల్లీలు నడిచినంక
యాదికొచ్చింది, ఆమె ఎవరో.