చివరి ఐదు నిమిషాలు

షార్జాల ఒక మాల్, మూడో అంతస్తు, ఆరో స్క్రీన్.
నాకు ఏ సినిమాకూ మొదలు తెల్వది.
చీపురు, చాట, నల్ల కవరు పట్టుకొని
ఆఖరి ఐదు నిమిషాలకు లోపలికి పోతం,
లైట్లు ఎలిగేదాక గోడకు ఆనుకొని నిలబడతం.

గా ఐదు నిమిషాలల్ల
హీరో ఎప్పుడూ తడిసే ఉంటడు.
వానకు కాదు.
చేతిల గొడ్డలో, గొలుసో,
ఓపారి చేపలు ఏలాడదీసే కొక్కెం.
ఎందుకు నరికిండో,
ఎవని ఇల్లు ఎవడు కాలవెట్టిండో
అదంత నేను రాకముందు కథ.
నాకు మిగిలేది లెక్క:
ఎంతమంది పడ్డరు,
ఎన్ని పాప్‌కార్న్ డబ్బాలు పడ్డయి.

ఈద్ సెలవులకు ఒక్కటే సినిమా, రోజుకు ఏడు ఆటలు.
నాలుగు రోజులు.
ఒకే మనిషి మెడ, ఇరవై ఎనిమిది సార్లు.
ఐదోసారికి కండ్లు మూసుకునుడు బంద్ చేసిన.
పదోసారికి
కూల్‌డ్రింక్ ఏ వరుసల ఒలికిందో చూసుకుంట నిలబడ్డ.

గా వారమే మా క్యాంపుల లింబాద్రి
వంటాయన తల మీద గంటెతోని కొట్టిండు.
ఏడు కుట్లు.
క్యాంప్ బాస్ కురియన్ నన్ను పిలిచి కుర్చీ ఏసిండు,
ఎన్నడూ ఎయ్యనోడు.
"నువ్వు సినిమాల కాడ పనిచేస్తవు గదా.
ఆ రాత్రి వీళ్ళు ఫోన్ల ఏం చూసిండ్రు? దాంట్ల ఏమున్నది?"

రూంల పన్నెండు మంచాలు రెండు పార్టీలైనయి.
సినిమానే చెడగొట్టిందని పై మంచాలోళ్ళు.
"సినిమా చూసే కొడితే
దేవుని సినిమాలు చూసినోళ్ళందరికి మోక్షం రావాలె గదా"
అని కిందికెళ్లి ఎల్లేశం.
"మరి ఆ హీరో లెక్క గడ్డం ఎందుకు పెంచుతున్నవ్ రా?"
ఎల్లేశం కొద్దిసేపు గడ్డం గోక్కున్నడు.

కురియన్‌కు నేను చెప్పింది ఇది:
లింబాద్రికి నాలుగు నెలల జీతం రాలే.
పప్పుల నీళ్ళు ఎక్కువైనయి.
పాస్‌పోర్టు మీ బీరువల ఉన్నది.
ఇవి ఏ సినిమాల లేవు సార్.

ఆయన రాసుకోలే.
తెల్లారి నోటీసు అంటించిండు,
కొట్లాట సినిమాలు బంద్ అని.
జీతం సంగతి నోటీసు రాలే.
అయినా గెల్చినట్టే అనిపించింది నాకు.
పదిరోజులు ఆ మాటనే బస్సుల కూసొని
నాకు నేనే మళ్ళ మళ్ళ చెప్పుకున్న.

ఇగ ఇది ఎవరికీ చెప్పలే.
ఆఖరాట అయిపోయి, రాత్రి ఒంటిగంటన్నర,
కంపెనీ బస్సు కోసం నిలబడ్డ.
మలుపు కాడ డెలివరీ పిలగాని బండిని తెల్లకారు గుద్దింది.
పెద్ద చప్పుడు గూడ కాలే,
గిన్నె మూత పడ్డట్టు.
వాడు లేచి కూసున్నడు. మళ్ళ పండుకున్నడు.
తొడ కాడికెళ్లి నల్లగ పారుతున్నది.
రోడ్డు లైట్ల కింద రక్తం నల్లగుంటది,
గది గూడ అప్పుడే తెలిసింది.
పగిలిన పెట్టెలకెళ్లి బిర్యానీ ఇంక పొగలు కక్కుతనే ఉన్నది.
నాకూ వానికీ పదిహేనడుగులు.

నేను నిలబడ్డ.
పోలీసులు అడుగుతరని గాదు.
మ్యూజిక్ కోసం చూసిన.
నిజంగ. చెవులు రిక్కించి.
డప్పో, వయొలినో, ఏదన్న మొదలైతే
అది ఎంత పెద్ద దెబ్బనో నాకు తెలుస్తుండె.
ఏసీ మిషన్ల హోరు తప్ప ఏం లేదు.

నన్ను దాటుకొని ఉరికింది ఎవరో ఫిలిప్పీన్ ఆమె,
సెలూన్ బట్టల మీదనే, నడుముకు కత్తెరలు గలగలమంట.
మెడల రుమాలు తీసి వాని తొడకు బిగించి
నా దిక్కు తిరిగి అరిచింది,
నీళ్ళు! నీళ్ళు!

నా చేతిల సీసా ఉన్నది.
అప్పటిదాక ఉన్నట్టు నాకు ఎరుకలేదు.

కురియన్ మళ్ళ కుర్చీ ఏస్తే గదే చెప్త,
జీతం, పప్పు, బీరువ.
అబద్ధమేం గాదు.
ఆమె అడిగితే మాత్రం ఏం చెప్పాల్నో.

మొన్న సూపర్‌వైజర్‌ను అడిగిన,
ఒక్కసారి మొదటికెళ్లి చూడనియ్యమని.
ఆ మెడ తెగే మనిషి
అంతకుముందు ఏం మాట్లాడెటోడో,
అన్నం తింటుండెనో లేదో.

టికెట్ కొనుక్కో అన్నడు.
నలభై దిర్హాములు.
లెక్క చూసుకుంటున్న.