కుడికాలి బూటు

ఆమదాలవలస గేటు దాటాక ఎడంపక్క
పంచరు షాపు నాది.
టైర్లు, ట్యూబులు, ఎప్పుడైనా ఓ కుక్కర్ పిడి.
బూట్లంటే మాత్రం ఒక్కడివే.

మంగళవారం మంగళవారం వస్తాడు తవిటయ్య.
ముందు నాగావళి వాసన వస్తుంది షాపులోకి,
వెనకాల అతను,
సంచిలో నల్ల గమ్‌బూట్లు.
"మల్లీ ఊడిపోనాయి బావూ, ఈపాలి ఐదు."

నారాయణపురం ఆనకట్ట కింద
రాళ్ల మీద పాచి ఎలా ఉంటుందో
అతను చెబితేనే తెలుసు నాకు:
"కలబంద గుజ్జు రాసిన బండ మీద
నిలబడి వల ఇసరమంటే
ఇసరగలవేటి నువ్వు?"

అందుకే అడుగున స్క్రూలు. బూటుకి పన్నెండు.
తలలు బయటికి, మొనలు రబ్బర్లోకి.

మొదటిసారి డ్రిల్లుతో బెజ్జాలు పెట్టాను.
వారం తిరక్కుండా అన్నీ నదిపాలు.
రబ్బరుకి ముందే దారి చూపించేస్తే
పట్టుకోవాలన్న పౌరుషం పోతుంది దానికి.

రెండోసారి బెజ్జం లేదు.
మొనకి సొల్యూషన్ పూసి
గాడిలో కాదు, దిమ్మ నడిమధ్యన
ఒక్కో చుట్టూ నొక్కి తిప్పాను.
మొన పైకి పొడుచుకొస్తుందేమోనని
ఎడమచెయ్యి బూటులో దూర్చి
నా అరచెయ్యి అతని అరికాలై
చీకట్లో కాచుకుని కూర్చుంది.
ఒకసారి పొడిచింది కూడా.
అతనికి చెప్పలేదు.

అయినా ఊడాయి.
లోపల పాత లారీ ట్యూబు ముక్క అతికించాను.
అయినా ఊడాయి.
నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లుతుంటే
మా ఆవిడ నవ్వింది,
"బస్సు చక్రాలకి లేదు గానీ
ఆ బూట్లకి బెంగెట్టుకున్నావా?"

ఓరోజు పాత బాకీ అడగడానికి
వాళ్ల వీధికి వెళ్లాను.
రేకుల కప్పు మీద, మిట్టమధ్యాన్నం ఎండలో
వరసగా పరిగెలు, పక్కనే
బోర్లా పడుకుని నా బూట్లు.
"తవిటయ్యా! రబ్బరు సేపేటి, ఎండబెట్టడానికి?
ఎండకి బిగుసుకుపోయి వదిలేస్తంది.
నీడన ఆరబెట్టు, గాలికి."
అతను నిచ్చెన వేసుకుని ఎక్కి
చంటిపిల్లల్ని దించినట్టు దించాడు.
బాకీ మాట మరిచేపోయాను.

ఆ పైన ఐదు కాస్తా రెండయ్యాయి.
రెండు, ఒకటి.
ఆ ఒక్కటి మాత్రం ఆగలేదు.
ఎప్పుడూ కుడికాలిదే,
చిటికెన వేలి కిందది.
ఎంత బిగించినా, ఎంత పెద్దది పెట్టినా.

టైరు ఒకవైపే అరిగితే
చక్రం వంకరని ఇట్టే చెబుతాను.
బూటుని తిప్పి తిప్పి చూసి అడిగాను,
"కుడి తుంటి నొప్పెడతందా?"
తవిటయ్య నా వైపు చూడలేదు.
చాడీ చెప్పిన కుర్రాణ్ణి చూసినట్టు
బూటు వైపు చూశాడు.
"మా ఇంటిదానికి సెప్పకు."

వైశాఖంలో నీరు తీసేశాక
ఆదివారం పొద్దున్నే నేనే వెళ్లాను,
ఆ రాళ్లెలా ఉంటాయో చూద్దామని.
చెప్పులు గట్టున వదిలి దిగాను.
పాచి ఎండి పెచ్చులు లేస్తోంది.
బండల నిండా తెల్లటి గీతలు,
అడుగడుక్కీ చుక్కలు చుక్కలుగా ఎడమకాలు,
దాని పక్కన ఈడ్చిన పొడుగాటి గీత
కుడికాలు.
ఎన్నేళ్లదో ఆ నడక
ఎవరూ చదవకుండా పడి ఉంది.

నాలుగో బండ మీద
చురుక్కుమంది పాదం.
కూర్చుని పీకి చూస్తే
తుప్పు పట్టిన స్క్రూ,
మరల్లో ఇంకా నా సొల్యూషన్ నల్లగా.

మోకాల్లోతు మడుగులోంచి కేకేశాడు తవిటయ్య,
వల భుజాన, ఒంటికాలి మీద బరువేసి:
"దొరికిందా? పారీకు బావూ,
పనికొత్తాది!"

జేబులో వేసుకున్నాను
మంగళవారానికి.