మూత

సరిగ్గా ఇరవై నిమిషాలు.
హరార్ కోట గుమ్మం దాటి,
చాట్ ఆకు మూటలు దిగే అవడే సంత దాటి,
చెరువు ఎండిన బయలు దగ్గరికి రాగానే
రెండుసార్లు పొలమారి
నా ప్యూజో ఆగిపోతుంది.
దీన్నెవరు తలుచుకుంటారో, అదీ రోజూ అక్కడే.

పది నిమిషాలు అలా వదిలేస్తే
ఏమీ ఎరగనట్టు మళ్ళీ పలుకుతుంది.
ఆ పది నిమిషాల్లో ఎక్కినవాళ్ళు దిగి
వెనక వచ్చే మినీబస్సు చెయ్యెత్తి ఆపుకుంటారు.
ఒకామె మేకపిల్లను కూడా మరిచిపోలేదు.

కాయిల్ మార్చాను. ప్లగ్గులు మార్చాను.
దిరెదావాలో ఒకడు కార్బురేటర్ విప్పి కడిగి బిగించి
మిగిలిన స్క్రూ ఒకటి నా అరచేతిలో పెట్టాడు,
"ఇది అక్కర్లేదులే" అని.
మా పెద్దమ్మ జెనెబెచ్ అద్దానికి నీలం పూస కట్టింది.
పూస ఊగుతూనే ఉంది, బండి ఆగుతూనే ఉంది.

చివరికి అబ్దోష్ దగ్గరికి.
దర్జీల వీధి చివర ఆయన కొట్టు.
ఆ వీధిని మకీనా గిర్‌గిర్ అంటారు, కుట్టుమిషన్ల రొదను బట్టి.
ఆ రొదలో కూర్చుని ఇంజన్లు వింటాడు,
అదీ ఒక్క చెవితో.
గరిటె కాడ ఒక కొస సిలిండర్ మీద,
ఇంకో కొస పళ్ళ మధ్య.

"పాయింట్లు కాలిపోయుంటాయి" అన్నాను.
"కారణం నిన్నడగలేదు, జెరిహున్. జరిగింది చెప్పు."

చెప్పాను.
"ట్యాంకు నిండుగా ఉంటేనా, సగానికొస్తేనా?"
నిండుగా ఉన్న రోజే ముందు ఆగుతుంది.
అదే నాకు మరీ అన్యాయంగా ఉండేది.
"ఎప్పట్నుంచి?"
వానలకు ముందు నుంచి.
"వానలకు ముందు ఏం చేశావు?"
ఏం చేస్తాను, నడిపాను.

ఆయన గరిటె పక్కన పెట్టి
వట్టి చేతులతో నా పక్కన ఎక్కాడు.
దారి పొడుగునా మాట్లాడలేదు.
అవడేలో ఒక అరటిపండు కొనుక్కున్నాడు.

చెరువు బయలు. దగ్గు. ఇంకో దగ్గు. నిశ్శబ్దం.
నేను బానెట్ వైపు పరుగెత్తాను.
ఆయన అరటితొక్క జేబులో వేసుకుని
వెనక్కి నడిచాడు. వెనక్కి!
పెట్రోలు మూత పట్టుకుని తిప్పాడు.

ఉస్స్‌స్‌స్...

నీళ్ళలో మునిగి పైకి తేలినవాడు
మొదటి గుక్క గాలి అందుకున్నట్టు.
ఎంతసేపు పీల్చిందో.
రోడ్డు పక్క కొంగ కూడా మెడ తిప్పి చూసింది.

"ఇప్పుడు తాళం తిప్పు."
ఒక్క తిప్పుకే అంటుకుంది.

మూత బోర్లించి చూపించాడు.
లోపల, సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు బిళ్ళ,
చుట్టూ జిగురు, రెండు పూతలు.
గాలి పోయే సన్నని బెజ్జం ఎక్కడో దాని కింద.
"ఎవడు పెట్టాడిది?"

నేను కొంగను చూశాను.

బంకు దగ్గర రెండు రాత్రులు వరసలో పడుకున్న నెల అది.
వాకిట్లో నిలిపిన బండి నుంచి
కిటికీలోంచి పెట్రోలు వాసన వచ్చేది.
అందరికీ అది వాసన. నాకు చిల్లర.
గాలిలో కలిసిపోతున్న ఒక్కో నాణెం
లెక్కపెడుతూ తెల్లారబెట్టేవాణ్ణి.
ఒక రాత్రి లేచి, కత్తెర తీసి, జిగురు రాసి,
ఎంత హాయిగా నిద్రపోయానో!

వీధిలోకి తిరిగొచ్చాక
అబ్దోష్ ఎదుటి దర్జీని సూది అడిగాడు.
కాల్చి, రబ్బరు మీద పెట్టి, సుత్తితో ఒక్క పోటు.
పొగ. అంతే.
"సూదికి ఇరవై బిర్లు, దర్జీకివ్వు."
మరి మీకు?
"నాకు అరటిపండు బాకీ."

కాయిల్‌కెంత పోశానో ఆయనకు చెప్పలేదు.
స్క్రూ మాత్రం చూపించాను.
వెలుతురుకు పట్టుకుని చూసి
"ఇది ప్యూజోది కాదు" అన్నాడు.

ఈ మధ్య ఆ బయలులో కాస్త నీరు నిలుస్తోంది.
ఆగకుండా దాటిపోతాను,
వెనక సీట్లో ఎవరో ముక్కు మూసుకుని అంటారు,
"డ్రైవర్, పెట్రోలు వాసనొస్తోంది."

అద్దం దించుతాను.