వెల రాయాల్సిన గడి

త్రియెస్తేలో బోరా గాలి లేచిందంటే
మలుపు మలుపుకీ తాళ్లు కడతారు, పట్టుకు నడవమని.
నేవెంకా తాడు ముట్టదు.
చంకలో రెండు సంపుటాలు, పళ్ల మధ్య తాళంచెవి,
గాలితో పాత బాకీ ఏదో తేల్చుకుంటున్నట్టు
విశ్వవిద్యాలయం మెట్లు ఏటవాలుగా ఎక్కేస్తుంది.

బీమా గ్రంథాలయం నేలమాళిగలో ఉంది.
చేరిన రోజు నాతో ఆమె అన్న మొదటి మాట:
"ఇక్కడికి ఎవరూ సుఖాంతం కోసం రారు."
రెండో మాట: "బకెట్టు నిండిందేమో చూడు."
తేమ పీల్చే యంత్రం కింద బకెట్టు.
రోజుకు మూడు లీటర్ల సముద్రం.

వడగళ్ల బీమా నివేదికలు, ద్రాక్షతోటల పటాలతో సహా.
అగ్నిప్రమాదాల పటాల్లో కట్టె ఇళ్లకు పసుపు, రాతి ఇళ్లకు గులాబీ.
మరణ పట్టికలు:
వెయ్యిమందిలో ఏ ఏటికి ఎందరు మిగులుతారో.
నా వయసు వరసను వేలితో వెతుక్కోవడం మానడానికి
నాకు ఆర్నెల్లు పట్టింది.
మూతబడ్డ కంపెనీల పాలసీలు ఒక బీరువా నిండా.
సంతకం పెట్టినవాళ్లు లేరు, భరోసా ఇచ్చినవాళ్లు లేరు,
భరోసా మాత్రం ఉంది, అంచుల దగ్గర కాస్త పెళుసుగా.

ఇవన్నీ కొన్నవి కావు.
ల్యుబ్ల్యానాలో ఏదో ఆఫీసు దివాలా తీస్తే ఫోను వస్తుంది:
"చెత్త లారీ పదింటికి. ఆలోగా వస్తే మీవే."
మరిది చేపల వ్యాను అడిగి తీసుకుపోతుంది నేవెంకా.
ఆ ఏడాది లెక్కల శాస్త్రం విద్యార్థులు
ఆయుర్దాయ సూత్రాలను సార్డీన్ల వాసనతో చదువుకున్నారు.

ఈ మార్చిలో పై అంతస్తు నుంచి ఫారం వచ్చింది.
రెండే గడులు.
పదేళ్లలో ఎన్నిసార్లు అరువు వెళ్లాయి?
నష్టమైతే తిరిగి కొనడానికి ఎంత?
ముప్పై ఒక్క ఏళ్లుగా బీమా పుస్తకాలు దాచిన గదికి
బీమా లేదని నాకు అప్పుడే తెలిసింది.
కమ్మరి గుర్రానికి నాడాలుండవని వాళ్ల సామెతట.
చెప్పింది గానీ నవ్వలేదు.

అంతకు నెల ముందు ఒకామె వచ్చింది, తుల్లియా,
బస్సు డ్రైవరు యూనిఫాంలో, డ్యూటీల మధ్య నలభై నిమిషాలతో.
తాత తమ్ముడు ఎర్మీనియో, ఓడలో వంటవాడు. ఓడ పేరు ఒక్కటే తెలుసు.
నేవెంకా నిచ్చెన వేసుకుని
పై అర నుంచి సముద్ర నష్టాల కట్ట దించింది.
ఓడకు ఇంత. కాఫీ బస్తాలు పదకొండు వందల నలభై, ఇంత.
కెప్టెన్ గడియారానికి కూడా ఇంత.
మనుషుల వరస లేదు.
అంచున మాత్రం పెన్సిలుతో, నష్టం లెక్కగట్టిన గుమాస్తా రాత:
"వంటవాడు పడవలో తన చోటు ఇంకొకరికి వదిలాడని
ముగ్గురు చెప్పారు. క్లెయిముకు సంబంధం లేదు."

తుల్లియా నిలబడే చదివింది, రెండుసార్లు.
ఆ రెండు వాక్యాలు, "సంబంధం లేదు"తో సహా,
చేతిలో ఉన్న రూటు కాగితం వెనక రాసుకుంది.
బస్సు వేళయిందని వెళ్లిపోయింది.
కూర్చోలేదు గనక, ఇంటికి తీసుకెళ్లలేదు గనక
రిజిస్టరులో ఆ మధ్యాహ్నం లేదు.

మొదటి గడిలో సున్నా రాసింది నేవెంకా.
అబద్ధం రాయడం ఆమెకు చేతకాదు.
రెండో గడిలో ఏదో అంకె వేసి, రబ్బరుతో చెరిపి,
మళ్లీ వేసి, మళ్లీ చెరిపింది.
కాగితం అక్కడ పలచబడి వెలుతురు కనిపించేదాకా.

తర్వాత ఒక తెల్ల కార్డు తీసింది.
వర్గీకరణ సంఖ్య చోటు ఖాళీగా వదిలి
"ఎర్మీనియో, వంటవాడు" అని రాసింది.
ఏ సొరుగులో పెట్టాలని అడిగాను.
ఓడల్లోనా, కాఫీలోనా, చెల్లించనివాటిలోనా?
"ఆలోచించు," అంది. "ఫారం శుక్రవారానికి కదా.
ముందు ఆ బకెట్టు పారబోసి రా."

ఇవాళ నాలుగు లీటర్లు.