నలుచదరపు సూర్యుడు

మైనస్ ముప్ఫై. పొగ కమ్మేసిందని బడి మూసేశారు.
ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలులో
వెచ్చగా ఉన్నది నా గేమ్ కేఫ్ ఒక్కటే:
పద్నాలుగు కంప్యూటర్లు, నడుమ ఒక బొగ్గు పొయ్యి.
అందరికీ గంట లెక్క.
అనుజిన్‌కి మాత్రం ఖాతా.

ఏడో నంబరు దగ్గర కూర్చుంటుంది.
పదకొండేళ్ల పిల్ల, వేళ్లు కత్తిరించిన చేతితొడుగులు.
దాని లోకంలో అన్నీ గడులే.
మట్టి ఒక గడి, నీళ్లు ఒక గడి,
గొర్రె కూడా పలకల మొహం పెట్టుకుని గడ్డి మేస్తుంది.
నెల్లాళ్లుగా అందులో నడుస్తూనే ఉంది.
మంచు మైదానం దాటి, ఎర్రమట్టి లోయలు దాటి
పేరు లేని నీళ్ల ఒడ్డున ఆగి, మొన్న అడిగింది:
"అన్నా, మన దేశానికి సముద్రం లేదుగా,
దీన్ని ఉంచేసుకోనా?"
ఉంచుకో అన్నాను. అద్దె అడగనన్నాను.

ఆ సాయంత్రం పిల్లని తీసుకెళ్లడానికి
త్సెవెల్మా అవ్వ వచ్చింది.
ముక్కు పైకి తిరిగిన పాతకాలపు బూట్లు,
నేలకి నొప్పి తగలకూడదని అలా కుడతారంటుంది.
స్క్రీన్ మీద మనవరాలు గునపంతో
టక్ టక్ టక్.

"ఎందుకే తవ్వుతున్నావు?"
"ఇనుము కోసం."
"ఇనుమెందుకు?"
"ఇంకో గునపానికి."
"అదెందుకు?"
"ఇంకా లోతుగా తవ్వడానికి."

అవ్వ నావైపు చూసింది.
నేనేం చెప్పను?
దక్షిణాన బొగ్గు గనిలో ఆరేళ్లు లారీ తోలినవాణ్ణి,
దాని చక్రం నాకు రెండింతల ఎత్తు.

"కప్పెయ్."
"అవ్వా, ఇది ఆట!"
"గొర్రె గుంతలో పడితే చస్తుందా, చావదా?"
అనుజిన్ ఆలోచించింది.
చస్తుంది.
కప్పింది. ఒకటి, రెండు, పదకొండు గుంతలు.

"నీ ఇల్లేది?"
తొమ్మిదంతస్తుల గాజుకోట చూపించింది.
"పొగ ఎటు పోతుంది ఇందులో?"
ఆ ప్రశ్నతో కోట పని అయిపోయింది.
గుండ్రటి ఉన్ని డేరా కట్టాలని తేలింది.
కానీ గడులతో గుండ్రం ఎలా వస్తుంది?
నా బిల్లు పుస్తకం వెనక గీసి గీసి చెరిపారు.
ఐదు తిన్నగా, రెండు మెట్టుగా,
ఒకటి, మళ్లీ ఒకటి, మళ్లీ రెండు.
పక్క కుర్చీల్లోని కుర్రాళ్లు
యుద్ధాలు ఆపి సలహాలు మొదలెట్టారు.

"తలుపు దక్షిణానికి ఉండాలి."
దక్షిణం ఎటో ఒక్కడికీ తెలీదు.
అవ్వ స్టూలు లాక్కుని కూర్చుంది:
"పొద్దు పొడవనీ."

అక్కడి రాత్రి కొద్ది నిమిషాలే.
అస్థిపంజరాలు వచ్చి బాణాలు వేశాయి.
"ఎవరే వీళ్లు?"
"రాత్రివాళ్లు."
"ఏం కావాలంట?"
ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

తెల్లారింది. కొండ వెనక నుంచి
నలుచదరంగా లేచాడు సూర్యుడు.
అవ్వ చాలాసేపు మాట్లాడలేదు.
"పాపం, ఆయన్నీ కోసేశారా" అంది చివరికి.
"సరే, ఆయన్ని నీ ఎడమ భుజం వైపు పెట్టుకో.
ఎదురుగా ఉన్నదే దక్షిణం."

పైకప్పు పడేసరికి మా పొయ్యి రెండుసార్లు ఆరింది.
అవ్వ కళ్లద్దాలు తీసి చూసింది.
"ఇప్పుడు గుండ్రంగా ఉంది."
పాలటీలో ఉంగరపు వేలు ముంచి చిలకరించింది.
ఒక చుక్క ఏడో నంబరు తెర మీద పడింది.
నేను తుడవలేదు.

అందరూ వెళ్లాక, తలుపు గడియ వేసి
ఏడో నంబరు ముందు కూర్చున్నాను.
డేరా వెనక ఒక గుంత మిగిలి ఉంది. పెద్దది.
దాని ఒడ్డున పలక మీద అనుజిన్ రాత:
"ఇది బత్సుఖ్ అన్న వంతు."
పక్కన పెట్టెలో అరవైనాలుగు మట్టి గడులు.

మొదటిది వేశాను.
చప్పుడు చాలా చిన్నది.
ఎన్ని వేశానో లెక్క పెట్టలేదు, మట్టి అయిపోయింది,
గుంత అయిపోలేదు.

ఇటు పొయ్యి చల్లబడుతోంది.
బస్తాలోంచి ఒక బొగ్గు రాయి తీసి
చేతిలో పట్టుకుని నిలబడ్డాను.
ఏ గనిదో రాసి ఉండదుగా.
కాసేపటికి లోపల వేశాను.
చలి.